ఇది మా ఆయన రాసింది కాదు

పెళ్లాం గుట్టు అమ్ముకుని పేరు తెచ్చుకున్న రచయిత ఆయన. ఆవిడ నిద్రలో ఏం కలవరిస్తుందో, పుట్టింట్లో ఎవరికి మతి చెడిందో, పురిట్లో పోయిన పాపాయి కోసం ఎలా ఏడ్చిందో, అన్నీ నవలల్లోకెక్కాయి. కూరగాయల బండివాడు సైతం ఆవిడను చూసి ముసిముసిగా నవ్వేవాడు. ఇదేమిటని అడిగితే ఆయన బండబూతులు లంకించుకునేవాడు. 'క్షమించు' అన్న మాట ఆ నోట వస్తే ఒట్టు!

మూడేళ్ల కిందట, పుస్తకాలు అచ్చువేసేవాడి ఆఫీసు అద్దాలు పగలగొట్టి, నడివీధిలో బట్టలిప్పుకుని, పిచ్చాసుపత్రి పాలయ్యాడు.

ఈవేళ డాక్టరు ఆవిడను పిలిపించాడు. అక్కడో పద్ధతి ఉంది. ఇంటికి పంపే ముందు రోగి చేత ఇంటివాళ్లకు సొంత దస్తూరీతో ఉత్తరం రాయిస్తారు. అది చదివి, 'మునుపటి మనిషే' అని ఇంటివాళ్లు సంతకం పెడితే వదిలిపెడతారు. లేదంటే మరో ఐదేళ్లు ఆ ఊసెత్తరు.

ఓరగా తెరిచిన గాజు తలుపు అవతల ఆయన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం నున్నగా గీయించుకున్నాడు.

ఆవిడ ఉత్తరం విప్పింది. మూడు పేజీలు. కొట్టివేత ఒక్కటీ లేదు. "నీ బతుకు బజారున పడేశాను. పాపాయి సంగతి రాసిన ఈ చెయ్యి విరిగిపోయినా పాపం లేదు. నన్ను క్షమించు. ఇంటికి రానిస్తే ఇక కలం ముట్టను."

ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. రాదూ మరి! ముప్పయ్యేళ్లుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి. ప్రతి అక్షరం నిజమని తెలుస్తూనే ఉంది. మనిషికి నయమైంది. అది తెలిసే ఒళ్లు మండిపోయింది. ఇప్పుడా, అన్నీ అయ్యాక!

"ఏమంటారమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఇది మా ఆయన రాసింది కాదు డాక్టరుగారూ. దస్తూరీ ఆయనదే, మనిషి ఆయన కాదు. చచ్చినా తప్పొప్పుకునే రకం కాదండీ. ఆయన పుస్తకాలు మీరూ చదివారుగా?"

డాక్టరు తల పంకించాడు. చదవనివాడెవడు!

"అయితే జబ్బు ముదిరిందంటారా?"

"బాగా ముదిరింది, పాపం" అందావిడ చల్లగా.

ఆ మాట అవతలికి వినబడింది. ఆయన ఒక్క ఉదుటున లేచాడు. "నీ దుంపతెగ! అబద్ధాలకోరు దానా! నిన్నూ నీ వంశాన్నీ మళ్లీ రాస్తానే, మళ్లీ బజారుకీడుస్తానే!" అని రంకెలు వేశాడు. ఇద్దరు వార్డుబాయిలు రెక్కలు విరిచి పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారు.

"మీరన్నది నిజమేనమ్మా" అంటూ డాక్టరు కాగితం ముందుకు తోశాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆ గొంతు, ఆ తిట్లు, అచ్చం తన మొగుడే. నిక్షేపంలా ఉన్నాడు. 'మునుపటి మనిషి కాదు' అన్నచోట గుండ్రంగా సంతకం చేసింది.