లోపలెవరైనా ఉన్నారా?

మూడో అంతస్తులో పన్నుల గది గుమ్మం దగ్గర ఆగి, చీకటయ్య ఒకసారి దగ్గి, "లోపలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. తల లోపల పెట్టగానే దీపాలు గుప్పున వెలిగాయి. ఆపడానికి వస్తే వెలగడమేమిటో అతనికి ఇంకా మింగుడు పడలేదు. అలవాటుగా చేతికర్ర ఎత్తాడు. స్విచ్చు ఉండే చోట సిమెంటు అతుకు మాత్రం ఉంది.

పాత కట్టడం కావడంతో నగరపాలక భవనంలో స్విచ్చులు చేతికందని ఎత్తున ఉండేవి. రబ్బరు తొడిగిన కర్రతో సాయంత్రం గదిగదికీ వెళ్లి దీపాలూ ఫ్యాన్లూ ఆపడం ఇరవైరెండేళ్లుగా అతని పని. చీకటయ్య అన్నది గుమాస్తాలు పెట్టిన పేరు. కొత్తలో ఓసారి చూడకుండా ఆపేస్తే, చీకట్లో టైపిస్టమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అందుకే అతనికి మరీ బాధేసింది. అప్పటినుంచి అడగందే ఏ దీపమూ ఆపలేదు. ఇంట్లోనూ అడిగేవాడు. "ఉన్నాను మహానుభావా, పక్కనే ఉన్నాను," అనేది భార్య. ఆవిడ పోయి మూడేళ్లు.

ఇప్పుడిది హరిత భవనం. మనిషి కదిలితే దీపాలు వెలుగుతాయి, పది నిమిషాలు కదలకపోతే ఆరిపోతాయి. పొదుపు మంచిదేనని అతనూ ఒప్పుకున్నాడు, ఇన్నాళ్లూ తను చేసింది అదే మరి. ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లూ ఈ గదులు తిరగనిస్తే చాలనుకున్నాడు.

ఇంజనీరు చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం టీ తెప్పించి మరీ చెప్పాడు, రేపటినుంచి చెత్తలారీల షెడ్డు దగ్గర కాపలా అని.

"దీపాల సంగతి అవే చూసుకుంటాయి, పెద్దాయనా."

"అవి అడగవు కదండీ," అన్నాడు చీకటయ్య. ఇంజనీరుకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఆఖరిది కిటికీల్లేని పాత ఫైళ్ల గది. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది. కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి దీపాలు ఆరాయి. చెయ్యి ఊపితే వెలిగాయి. మళ్లీ ఆరాయి. "ఉన్నాను, ఉన్నాను," అంటూ మళ్లీ ఊపాడు. మూడోసారి ఆరినప్పుడు చెయ్యి లేవలేదు.

పొద్దున్న ఊడ్చే ఆవిడ తలుపు తియ్యగానే గదంతా వెలిగింది. "ఇంటికి పోలేదా అన్నా?" అంది. దగ్గరికెళ్లి చూసి, చీపురు వదిలేసి కిందకి పరిగెత్తింది.

ఆ ఏడాది కరెంటు పొదుపులో ఆ భవనానికి మొదటి బహుమతి వచ్చింది. ఫైళ్ల గదిలో గోడకు ఆనించిన కర్ర అక్కడే ఉండిపోయింది, రబ్బరు కొన ఒకవైపుకి అరిగి.