గరిడేపల్లి ఆట ఎవరిది

సూర్యాపేట కోర్టులో నన్ను చాటున ‘ఆటోళ్ల వకీలు’ అనేవాళ్లు. భూముల తగాదాలన్నీ పెద్ద వకీళ్లకు పోయేవి. నాకు మిగిలింది డేరా నాటకాలవాళ్లు, హార్మోనియంవాళ్లు, చిందు భాగవతమాడే మేళాలవాళ్లు. మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న మా మామ నన్ను అల్లుడని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. ఆయన సిగ్గు ఆయనది, నాకు మాత్రం వాళ్లంటే ప్రాణం.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వీరమ్మ, తన కూతురు రంగిని వెంటబెట్టుకుని వచ్చింది. చిందు మేళంలో ప్రధాన వేషం వీరమ్మదే, రంగి ఇంకా నేర్చుకుంటోంది. ఎండాకాలంలో గడవక కోదాడ నాగేశ్వర్‌రావు నాటకాల కంపెనీలో చేరింది. మూడేళ్లపాటు ఇంకెక్కడా వేషం కట్టనని కాగితం మీద వేలిముద్ర వేసింది. ఇప్పుడు గరిడేపల్లిలో ఆడబోతుంటే ఆపాలని ఆయన దావా వేశాడు.

చిందువాళ్లు ఊళ్లను వంశాలవారీగా పంచుకుంటారు. గరిడేపల్లి వీరమ్మ వాళ్లది. ఏటా వాళ్లే ఆడాలి. ఆడకపోతే ఆ ఊరు ఇంకో మేళానికి పోతుంది.

“మాకు పొలాల్లేవు, సెలకల్లేవు, ఇండ్లు లేవు వకీల్ సాబ్. గా ఊరు గూడ పోతే నా బిడ్డకేమియ్యాలె?” అని ఏడ్చింది వీరమ్మ. వకాల్తా కాగితం తీసి ఆమె ముందుకు జరిపాను.

విచారణ రోజు నాగేశ్వర్‌రావు ఇస్త్రీ జుబ్బాలో వచ్చాడు. చెడ్డవాడు కాదు గానీ పరువంటే పడి చస్తాడు. నా దగ్గర గట్టి వాదనేమీ లేదు. కాస్త చిన్నబుచ్చుదామని అడిగాను.

“ఈ ఎండాకాలం గరిడేపల్లిలో డేరా వేశారు కదా, ఎవరినడిగి వేశారు?”

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. “నేను పద్ధతి తెలీనోణ్ణా? చిందోళ్ల ఊళ్లో వాళ్లకి తాంబూలం ఇవ్వకుండా ఏనాడూ తెర కట్టలా! ఈ వీరమ్మ చేతికే ఇచ్చా. చీర గూడా పెట్టా!”

మున్సిఫ్ తలెత్తాడు. “అంటే ఆ ఊళ్లో ఆడే హక్కు ఆమెదని నీకు ముందే తెలుసు. నీ కాగితం కంటే ఆ హక్కు పాతది కదా?”

 తక్కిన రోజులు వీరమ్మ కంపెనీలో చేయాలని, గరిడేపల్లి ఆటకు మాత్రం ఏటా ఆమెను వదలాలని తీర్పు వచ్చింది.

ఆట రోజు మధ్యాహ్నమే గరిడేపల్లి చేరాను. వీరమ్మకు వేషం లేదు. రంగిని ముందు కూర్చోబెట్టుకుని ముఖానికి పసుప్పచ్చని అర్దళం పూస్తోంది. ప్రధాన వేషం ఇవాళ కూతురికి ఇచ్చేసింది.

రంగి తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. “అమ్మా, తప్పు పోతే ఎట్లనే?”

“పోతే పోనీ బిడ్డా,” అంది వీరమ్మ. “ఊరు మనదే గద.”