అవతలి ఊరి అమ్మాయి

ఆదివారం ఉదయం బట్టలు మడతపెడుతూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, “నీ వైపు అంకె ఎంత?” అని అడగడం నాకు ఆరేళ్ల అలవాటు. నాలుగొందల కిలోమీటర్ల అవతల, నేనెప్పుడూ చూడని ఒక అమ్మాయి తన తెర మీది అంకె చదివేది. అది నా అంకెతో సరిపోతే అప్పటికి గుండె కుదుటపడేది. “సెలవు రోజు కూడా ఆ మిషన్‌కి తల దువ్వాలా?” అనేది అత్తయ్య. “బటన్లు నొక్కే ఉద్యోగానికి ఇంత బిల్డప్పా!” అనేవాడు మా ఆయన, అడుగునున్న చొక్కా లాగి, మడతలన్నీ కూలగొడుతూ.

నేను పనిచేసేది ప్రసూతి ఆసుపత్రి కంప్యూటర్ గదిలో. బీరువాలంతటి పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్ అంటారు. నలభై ఏళ్ల కాన్పులు, రక్తం గ్రూపులు, ఎవరికి ఏ మందు పడదో, అన్నీ దాని డిస్కుల్లోనే. ఒకప్పుడు నకళ్లు టేపులకెక్కించి వారానికోసారి వ్యానులో అవతలి ఊళ్లోని మా రెండో కంప్యూటర్ గదికి పంపేవాళ్లం. ఒకసారి పెట్టెడు టేపులు ఎండకి పాడైపోయాయి. అప్పుడడిగాను, ఇక్కడ రాసే ప్రతి అక్షరం అప్పటికప్పుడు లైన్ మీద అవతలి ఊరి డిస్కుల్లోనూ పడేలా చేద్దామని. “ఇంట్లో ఉప్పు డబ్బా కూడా రెండేసి పెట్టుకుంటారా మేడం?” అని నవ్వాడు మేనేజరు. రెండేళ్లు వెంటపడి సాధించాను. రెండు చోట్లా రికార్డుల లెక్క సరిపోయిందా అని చూసుకునేదే ఆ ఆదివారం అంకె.

మొన్న మంగళవారం పొద్దున పదింటికి పై అంతస్తులో నీళ్ల పైపు పగిలింది. తిన్నగా మా డిస్కుల మీదికే ధార. అన్ని వార్డుల్లో తెరలు నల్లబడ్డాయి. వెంటనే ఆపరేషన్ గదినుంచి డాక్టరమ్మ ఫోన్: “ఒకామెకి రక్తస్రావం ఆగట్లేదు. ఏ మందు పడదో వెంటనే చెప్పాలి!”

రెండో ఫోన్లో అవతలి ఊరికి చేశాను.

“కంగారు పడకక్కా, అన్నీ నా దగ్గరున్నాయి. నీ పనంతా ఇటు తిప్పడానికి పావుగంట పడుతుంది. ముందు ఆవిడ కేసు నంబరు చెప్పు.”

చెప్పాను. చదివింది. రక్తం గ్రూపు, పడని మందు పేరు. ఆ ఫోన్లో విన్నది ఈ ఫోన్లో డాక్టరమ్మకి చెప్పాను. మధ్యలో నా సెల్‌కి మా ఆయన ఫోన్, “ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టావ్?” అంటూ. పెళ్లయ్యాక మొదటిసారి, జవాబు చెప్పకుండా కట్ చేశాను.

పావుగంటకి తెరలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆమె బతికిందని కబురొచ్చింది. పైపు పగలక ముందు చివరగా ఏం నమోదైందా అని చూశాను. ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిదొందల గ్రాములు. పేరు దగ్గర ఖాళీ. ఇంకా పేరైనా పెట్టని పిల్ల, పుట్టిన కాసేపటికే అంత దూరం వెళ్లి, క్షేమంగా నా ముందుకొచ్చింది. ఆ గదిలో, తడి నేల మీద, చెప్పుల్లేకుండా చాలాసేపు నిలబడిపోయాను. ఇది నేను చేసిన పనా?

మధ్యాహ్నం ఆసుపత్రి పెద్దవాళ్లంతా మీటింగుకి వచ్చారు. తలుపు దగ్గర మేనేజరు టై సర్దుకుంటూ, “లోపల నేను మాట్లాడతాను. మీరు కాస్త టీ సంగతి చూడండి మేడం,” అన్నాడు.

మేనేజర్ని దాటుకుని లోపలికెళ్లి, బల్ల మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఈ ఏర్పాటు చేయించింది నేను. పొద్దున దాన్ని నడిపించింది అవతలి ఊరి అమ్మాయి. ఆమెని కూడా ఫోన్లోకి తీసుకోండి, మొదలుపెడదాం,” అన్నాను.