ఔట్‌బాక్స్‌లో వదినకో ఉత్తరం

కొత్త కంప్యూటర్ కొన్నాం. పాతదాంట్లో పదకొండేళ్ల మెయిళ్లున్నాయి. వాటిలో సగం మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు మీద తగాదాలే అయినా, ఒక్కటి పోయినా ఊరుకోనని మా మరదలికి ముందే చెప్పాను. ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే ఉద్యోగం తనది.

"ముందు మెయిల్ ప్రోగ్రాం మూసెయ్ బావా. తెరిచుంచి కాపీ చేస్తే సగం సగం వస్తుంది."

మూశాను. మెయిళ్లన్నీ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని డిస్కులోకి ఎక్కించి, కొత్తదాంట్లో దించింది. ఇన్‌బాక్స్, చిరునామాలు అన్నీ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి. అంతలో ఆమె చెయ్యి ఆగింది.

"ఇంకా నెట్ కలపలేదు కాబట్టి సరిపోయింది. ఔట్‌బాక్స్‌లో ఒకటి పోకుండా ఉండిపోయింది. ఆరేళ్ల నాటిది. మీ వదినగారికట."

ఆరేళ్ల కిందట నాకు ఆపరేషన్ అయితే, మా వదిన పన్నెండు రోజులు ఆసుపత్రిలో నా మంచం పక్కనే ఉంది. ఎదురుగా నిలబడి కృతజ్ఞత చెప్పడం మా ఇంటా వంటా లేదు కనక, ఇంటికొచ్చాక మెయిల్ రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాకు ఒళ్లు మండింది. అప్పట్నుంచీ ఫోన్ చేస్తే అన్నయ్యతో మాట్లాడి పెట్టేస్తున్నాను. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఆవిడ నావైపు చూస్తుంది, నేను ఫ్యాన్ వైపు చూస్తాను.

"ఎందుకు పోలేదు?"

"పద్నాలుగు ఫొటోలు తగిలించావు బావా. అన్నిట్లోనూ నీ కుట్లే. ఏ సర్వర్ మోస్తుంది?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆరేళ్లు ఆవిణ్ణి ఆడిపోసుకున్నారు కదా, మహానుభావా!"

"పంపనా, తీసెయ్యనా?" అంది మరదలు.

రెండూ వద్దని ఫోన్ తీశాను.

"మీ అన్నయ్య స్నానానికెళ్లారయ్యా," అంది వదిన, ఎత్తీ ఎత్తగానే.

"నీతోనే వదినా."

"అమ్మో! మళ్లీ ఏం కోశారు?"

జరిగింది చెప్పి, తెర మీదున్నది ఉన్నట్టు చదివేశాను. మొదటి పేరా ఆసుపత్రి క్యాంటీన్ మీద ఫిర్యాదు. రెండోదాంట్లో, మత్తు దిగి కళ్లు తెరిచినప్పుడల్లా కుర్చీలో ఆవిడ కనపడబట్టే భయం లేకుండా మళ్లీ నిద్రపోగలిగానని ఉంది. మూడోది నమస్కారాలు.

"వదినా?"

"ఉన్నానయ్యా. నేనే ఏదో మాట జారి ఉంటాను, అందుకే మొహం చాటేస్తున్నావనుకున్నా ఇన్నాళ్లూ. ఫొటోలొద్దు గాని, ఆ రెండో పేరా మళ్లీ చదువు."

ఈసారి తెర వైపు చూడకుండా చెప్పాను.