వాలుగ దవడ

పొందూరులో పద్మకుమారికి తెల్లారడమంటే వాలుగ చేప దవడ చేతికి తీసుకోవడమే. దాని సన్నని పళ్ళతో పత్తిని దువ్వుతుంది, నలుసులన్నీ రాలిపోయాక రాట్నం ముందు కూర్చుంటుంది. అది వాళ్ళత్త ఇచ్చిన దవడ. పత్తినే కాదు, మాటల్నీ దువ్వుతుంది. మాట్లాడేవాడి నోటి ముందు కాసేపు ఆడిస్తే అబద్ధమంతా నలుసులై కింద పడుతుంది. వీధిలో తగువొస్తే ఆమెకు కబురు పెడతారు. వెళ్ళి, దువ్వి, నేల ఊడ్చి వస్తుంది.

ఒక్కటే కట్టుబాటు. తమ ఇంట మజ్జిగ తాగినవాడి మాటకు దవడ పెట్టకూడదు.

ఆ కట్టుబాటే కొంప ముంచింది. ఇంటి లోను ఇవ్వడానికి శ్రీకాకుళం ఫైనాన్సు కంపెనీ మేనేజరు యుగంధర్ స్వయంగా వచ్చాడు. మజ్జిగ అడిగి మరీ తాగాడు. "ఎప్పుడైనా వేరే బ్యాంకుకి మారిపోవచ్చు, పైసా చార్జీ ఉండదు" అన్నాడు. దవడ గోడకే వేలాడింది. పద్మకుమారి మొగుడు చినబాబు సంతకం పెట్టేశాడు.

వడ్డీ పెరిగి పెరిగి ఊపిరాడనివ్వలేదు. చివరికి ఇంకో బ్యాంకు తక్కువ వడ్డీకి ఒప్పుకుని పాత బాకీ కట్టేసింది. తీరా ఇంటి దస్తావేజులు అడగబోతే క్లోజింగ్ చార్జీలు కట్టమన్నాడు యుగంధర్. ఆమె ఏడాదంతా వడికినా రాని డబ్బు! సాయంత్రంలోగా దస్తావేజులు అందకపోతే లోను రద్దుచేసి, కట్టిన డబ్బు వెనక్కి తీసుకుంటామని కొత్త బ్యాంకు చెప్పింది. రద్దయితే మళ్ళీ ఆ గొంతుకోత వడ్డీయే. ఇల్లు దక్కదు.

"నీ సెవి కమ్మలు అమ్మేసి కట్టేద్దామే" అన్నాడు చినబాబు.

"నాను కట్టను. సార్జీ నేదని ఆడే అన్నాడు."

శ్రీకాకుళంలో కంపెనీ ఆఫీసుకి వెళ్ళేసరికి జనం మెట్ల దాకా ఉన్నారు. వీళ్ళ వంతు వచ్చింది.

"హెడ్డాఫీసు రూల్సమ్మా. సిస్టమ్ వేసేస్తుంది. నా చేతిలో ఏం లేదు" అన్నాడు యుగంధర్, ఫోను చూసుకుంటూ.

పద్మకుమారికి ఒళ్ళు మండిపోయింది. సంచిలోంచి దవడ తీసింది. చినబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే. మనింట మజ్జిగ తాగినోడు."

"తాగింది మనింట్లో మావా. ఇది ఆడి ఆఫీసు. ఇక్కడ మనకి మంచినీల్లైనా ఇచ్చినాడేటి?"

దువ్వింది. మొదట రూల్సు రాలాయి, పత్తి గింజల్లా నల్లగా. తర్వాత హెడ్డాఫీసు. సిస్టమ్ మాత్రం గట్టిగా పట్టుకుంది, పళ్ళు బిగించి లాగాల్సి వచ్చింది. అటెండరు చీపురు తెచ్చుకుని పక్కన నిలబడ్డాడు.

యుగంధర్ నోట్లో ఇక కొంచెమే మిగిలింది. "అలాంటి చార్జీ లేదు. భయపడి కట్టేస్తారని నేనే వేశాను" అన్నాడు పీలగా. లేచి బీరువా తెరిచి దస్తావేజులు తెచ్చి ఇచ్చాడు. ఆమె ప్రతి పేజీ తిప్పి చూసింది, దండం మాత్రం పెట్టలేదు.

వెనక కళింగపట్నం చేపల వ్యాపారి దాలయ్య ఉన్నాడు. "అమ్మా, నాకూ ఇదే సెప్పినాడు. మొన్న కట్టీసినాను" అన్నాడు.

పద్మకుమారి దవడ అతని చేతిలో పెట్టింది. "సేప దవడ పట్టుకోడం నీకు నేర్పాలేటి? లోపలికంటా దువ్వు. పొద్దున్నకి తెచ్చీ, నాకు పత్తి ఉన్నాది."

యుగంధర్ పెదాలు బిగించుకున్నాడు.

దాలయ్య లుంగీ సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. "నోరు తెరువు బాబూ" అన్నాడు.