సంతలో కొన్న గెడలు

నేను మంచం మీద లేను, గదిలోనే ఉన్నాను. ఈ మాట మూడేళ్ళు చెప్పాను. ఒక్కడు చెవిన పెట్టలేదు.

తొంభైతొమ్మిది శ్రావణంలో కొరాపుట్ ఆసుపత్రిలో పడ్డాను. మెదడుకెక్కిన మలేరియా. మున్సిపాలిటీ నీళ్ళ పైపుల ఫిట్టర్‌ని నేను. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా మాటకి విలువేముంటుంది?

ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం. పైకప్పు దగ్గర్నుంచి కిందికి చూస్తే, నోరు తెరుచుకుని పడున్నది నేనే. అరికాళ్ళ పగుళ్ళలో తారు మరకలు కూడా కనబడ్డాయి. భయం వేయలేదు. నా మొహం ఇంత వికారంగా ఉంటుందా అని చిరాకేసింది. నా భార్య గౌరీశ్వరి మంచం దగ్గర లేదు. నీళ్ళకి వెళ్ళిందనుకున్నాను.

ఎప్పుడు బయటపడ్డానో తెలీదు. వానలో సంత మీద ఉన్నాను, తడవకుండా. కింద వెదురు గెడలమ్మేవాడి ముందు మా అన్నయ్య గురువులు, నల్ల గొడుగేసుకుని. రెండు గెడలు ఏరాడు. ఎంత పొడవు కోయాలని వాడడిగితే, "ఎనిమిదడుగులు సాలు. మావోడు పొట్టోడే" అన్నాడు. వాడు కోస్తుంటే కత్తి జారి, ఒక గెడ మొదట్లో అరచెయ్యంత చెక్కు లేచింది.

అంతే. ఎవరో కాలు పట్టి లాగినట్టు మళ్ళీ మంచంలో పడ్డాను. మూడో రోజుకి గంజి తాగాను.

డాక్టరు బాబు జ్వరమన్నాడు. రైలెక్కి రాయగడ పోయి ఒక స్వామిని అడిగితే, గొప్ప యోగం పట్టిందన్నాడు. ఆ గెడలు నిజమా కాదా అంటే మాత్రం కళ్ళు మూసుకున్నాడు. నాతో పనిచేసే పెద్దబ్బాయి అందరిముందూ అన్నాడు: "ఒరే ఢిల్లీ, ఓపాలి ఎగిరెళ్ళి టేంకీ ఎక్కడ కారతందో సూసొచ్చీరా! నిచ్చెన మోసే పని తప్పుద్ది." నా పేరు ఢిల్లీశ్వరరావు. ఆ రోజు నుంచి వాళ్ళకి నేను ఎగిరే ఢిల్లీని.

నిజం చెప్పగలిగినవాడు అన్నయ్య ఒక్కడే. అడిగిన ప్రతిసారీ ఒకటే మాట.

"గెడలేటి, నీ తలకాయ! నాను కొట్టొదిలి కదల్లేదు."

'కొన్నాన్రా' అని ఒక్క మాట అంటే చాలు నాకు. నేను పిచ్చివాణ్ణి కానని తెలిసిపోతుంది. ఆ ఒక్క మాటకి మూడేళ్ళు తిరిగాను.

రెండువేల రెండు కార్తీకంలో అన్నయ్యింటికి భోజనానికి పిలిచారు. పెరట్లో చేతులు కడుక్కుంటూ తలెత్తాను. దేముడమ్మ వదిన కొత్తగా చిక్కుడు పందిరి వేయించింది. దానికి అడ్డంగా రెండు పాత గెడలు. ఒకదాని మొదట్లో అరచెయ్యంత చెక్కు.

"ఇయ్యెక్కడివొదినా?"

"సామాన్ల గదిలో రేకుల్వెనకాల పడున్నాయి మరిదీ. మీ అన్నియ్య ముట్టనిచ్చేడు కాదు. నానే లాగించీసేను."

నేను టేపు లేకుండా ఎక్కడికీ వెళ్ళను. కొలిచాను. రెండూ ఎనిమిదడుగులే. అన్నయ్య విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు.

"అన్నియ్యా, ఆ ఆదివారం కొన్నావు కదూ!"

"సిక్కుడు పందిరికి కొన్నాన్రా!"

"తమ్ముడు సచ్చిపోతంటే పందిరికి కొన్నావా?"

అన్నయ్యకి అవునన్నా సిగ్గే, కాదన్నా సిగ్గే. "మరి నా పాడెకే కొన్నానని సెప్పు! నా ఒంట్లో పేణముండగానే కొన్నానని సెప్పు!" అని అరిచాను.

వంటింటి గుమ్మంలోంచి గౌరీశ్వరి అంది: "బావగార్నేటనకు. నానే పంపేను."

తనే చెప్పింది.

"నర్సమ్మ సాయంకాలం దాకా ఆగడంది. ఆదివారం సంత దాటితే మళ్ళీ వారం దాకా గెడలు దొరుకుతాయా? నిన్ను ఏటి మీద మొయ్యాల? మీ మున్సిపాలిటీ సెత్తబండి మీదా? ఆసుపత్రి గేటు దాకా ఎనకాలెళ్ళి మరీ సెప్పేను. ఈ మాట నీకు సెప్పొద్దని బావగారి కాళ్ళట్టుకున్నాను."

"ఎనిమిదడుగులనీ నువ్వే సెప్పేవా?"

"పొట్టోడివే కదా మరి," అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మూడేళ్ళు నా చేత అబద్ధాలకోరనిపించుకున్న అన్నయ్య, నా భుజం మీంచి చెయ్యి చాపి, ఆ చెక్కు మీద చిక్కుడు తీగ కప్పాడు.

నేను చూసింది నిజం. అక్షరం తేడా లేదు. అయితే ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? చెప్తే గౌరీశ్వరే పంపిందని కూడా చెప్పాలి.

సోమవారం పనిలో పెద్దబ్బాయి బీడీ అందిస్తూ, "ఏటిరా, గెడలు దొరికేయా?" అన్నాడు.

"లేదు," అన్నాను. "జొరమే."

పైపురెంచి తీసుకుని గోతిలోకి దిగాను. వాళ్ళు పైన నవ్వుతూనే ఉన్నారు.