తువ్వాలు కింద ఆరేసింది

సీట్ల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. స్కూటరు సీటు చిరిగినా, బస్సు సీటు కుంగినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆయన పెళ్లాం లిఫ్టు నడిపే మనిషి. పెద్ద ఆఫీసు బిల్డింగులో, మూడు పక్కలా అద్దాలున్న లిఫ్టులో నిలబడి, ఎక్కినవాళ్లు ఏ అంతస్తు అంటే ఆ మీట నొక్కేది. జనమంతా లిఫ్టమ్మా అనే పిలిచేవాళ్లు. ఇంట్లో మేస్త్రి కూడా సరసానికి అలాగే పిలిచేవాడు.

ఆవిడకి రొమ్ములో గడ్డ లేచింది. ఎడమ పక్క మొత్తం తీసేశారు. రేడియేషనని కరెంటు పెట్టారు, మందులెక్కించారు. అన్నీ అయ్యాయి, గాయం మానింది, రాలిన జుట్టు కూడా మళ్లీ మొలిచింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నారు ఇద్దరూ. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి.

లోపల వేసుకునే బాడీ ఉంటుందే, అది కుదర్లేదు. కుడి పక్క నిండుగా, ఎడమ పక్క ఖాళీ సంచిలాగా. పాత గుడ్డ ఉండ చుట్టి ఆ సంచిలో కుక్కుకుని ఒకరోజు పనికి వెళ్లింది. లిఫ్టు నడిపే మనిషికి చెయ్యి ఎత్తకుండా జరుగుతుందా? చెయ్యెత్తి మీట నొక్కినప్పుడల్లా ఆ గుడ్డ కాస్త కాస్త పైకి పాకింది. మధ్యాహ్నానికి మెడ కిందకొచ్చి కూర్చుంది. లిఫ్టు నిండా జనం, చుట్టూ అద్దాలు. అందరూ తలలెత్తి పైన వెలిగే అంతస్తు నంబర్లే చూస్తూ నిలబడ్డారు. ఎవరైనా నవ్వినా బాగుండేది. ఆ చూడకపోవడమే ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు లేవలేదు. ఆ తర్వాతా అంతే.

బిల్డింగు మేనేజరు ఫోన్ చేశాడు. మంచివాడే. "అమ్మా, నిన్ను తియ్యాలని నాకేం లేదు. కానీ నువ్వు రాకపోయినా జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. మీటలు వాళ్లే నొక్కుకుంటున్నారు. పైవాళ్ల కంట్లో అది పడిందంటే నీ పనే ఉండదు. తొందరగా వచ్చి నిలబడు."

ఫోన్ పెట్టేసి మొగుడితో అంది. "అక్కడ నిలబడగలిగితే నేను బతికినట్టయ్యా. లేకపోతే నన్నెందుకు బతికించారో నాకు తెలీదు."

మేస్త్రి లేచాడు. చెప్పులేసుకుని బజారుకెళ్లాడు.

ఆడవాళ్ల లోబట్టలమ్మే కొట్టు. జన్మలో ఆ గుమ్మం ఎక్కలేదాయన. లోపల ఇద్దరు ఆడవాళ్లు బేరమాడుతున్నారు. కొట్టువాడు, "ఏం కావాలి బాబాయ్?" అన్నాడు.

"బాడీ కావాలి. మా ఆవిడకి."

"సైజెంత?"

అది మేస్త్రికి తెలీదు. ఊళ్లో ఏ బండి సీటు కొలతడిగినా నిద్రలో లేపినా చెప్తాడు. "మనిషి మీడియం," అన్నాడు చివరికి.

ఆడవాళ్లిద్దరూ కొంగు అడ్డం పెట్టుకున్నారు. కొట్టువాడికి హుషారొచ్చింది. "ఇన్నేళ్లు కాపురం చేసి ఇదేనా బాబాయ్ తేల్చింది? పిన్నికి ఫోన్ చేసి అడుగు పోనీ."

"అడిగినా లాభం లేదు నాయనా. నాకు ఒక పక్కే కావాలి."

"చెప్పులు కూడా జతే అమ్ముతారు బాబాయ్, ఒంటి చెప్పు ఎవడిస్తాడు?"

మేస్త్రి తన చొక్కా మీద ఎడమ పక్క అరచెయ్యి పెట్టి, అడ్డంగా అలా తుడిచినట్టు చూపించాడు. కొట్టువాడి నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు కొంగులు దించి వేరే వైపు చూశారు. కొట్టువాడు గొంతు తగ్గించి, దొరికినవన్నీ తీసి ముందు పోశాడు. "నా దగ్గర ఇవే బాబాయ్. అలాంటివి ఉంటాయని విన్నాను గానీ, నేనెప్పుడూ తెప్పించలేదు. ఎవరూ అడగలేదు."

తెచ్చినవి ఏవీ కుదర్లేదు. ఒకటి బిగిసి ఊపిరాడనివ్వలేదు, ఒకటి వదులై జారింది, ఒకదాని పట్టీ కరెంటు పెట్టిన చోట సరిగ్గా గీసుకుంది. ఒక్కోటి విప్పి మంచం మీద పడేస్తూ, "చాల్లేవయ్యా, ఈ ఒంటికి ఇంక ఏదీ పుట్టలేదు," అంది.

అప్పుడు మేస్త్రికి పట్టుదల వచ్చింది. నేనే కుడతానన్నాడు. ఆవిడ పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నేనేమన్నా బస్సునా?"

పాత బాడీ ఒకటి విప్పి, దాని ముక్కలు కాగితం మీద పరిచి, పక్కాగా అదే కొలతకి కొత్తది కుట్టాడు. మెత్తటి ఫోము గుండ్రంగా చెక్కి ఎడమ పక్క పెట్టాడు. ఆవిడ వేసుకుని, "ఇదీ కొరుకుతోంది," అంది.

"పాతదాని కొలతేగా?"

"పాతదీ కొరికేది."

"ఎప్పట్నించి?"

"పెళ్లయినప్పట్నించి. మీ అమ్మ మీ అక్కకి కొంటూ నాకూ అదే సైజు తెచ్చింది. అప్పట్నించి అదే తెచ్చుకుంటున్నా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? మీ అమ్మకా? అందరికీ ఇలాగే కొరుకుతుందేమో అనుకున్నా."

మేస్త్రి కత్తెర కింద పెట్టాడు. ఇన్నేళ్లూ సాయంత్రం గడప దాటి రాగానే ఆవిడ గదిలోకెళ్లి తలుపేసుకుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచేది. పని అలసట అనుకునేవాడు. అదా సంగతి.

టేపు తీసుకుని లేచాడు. మొదటిసారి ఆవిడ ఒళ్లు ఆవిడ కొలతకే కొలిచాడు. కొలుస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుంది. ఫోము తేలికై పైకి లేస్తోందని, స్కూటరు మెకానిక్కు దగ్గర బేరింగుల్లో ఉండే ఇనప గుళ్లు తెచ్చి చిన్న గుడ్డసంచిలో పోసి ఫోము అడుగున పెట్టాడు. బరువెంతుండాలో ఆయనకేం తెలుసు? ఆవిడే ఒక అరచేతిలో ఆ సంచి, ఇంకో అరచేత్తో తన కుడి పక్క పట్టుకుని, తూచినట్టు ఆగింది. "ఇంకాస్త వెయ్యి," అంది. వేశాడు. "ఇంకొంచెం." వేశాడు. "ఆఁ, ఇంతుండేది," అని, ఆ సంచిని చేతిలోనే పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

కుదిరింది. అచ్చంగా కుదిరింది. యూనిఫాం చొక్కా వేసుకుని అద్దం ముందు చెయ్యెత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. ఎక్కడిదక్కడే ఉంది. "ఇలా ఉంటుందా ఇది వేసుకుంటే," అంది. ఆ మాట మేస్త్రికి సంతోషంగా వినపడలేదు.

మర్నాడు పనికి వెళ్లింది. మేనేజరు "రా లిఫ్టమ్మా" అన్నాడట. అద్దాల్లో తనని తాను చూసుకుందట. సాయంత్రం వచ్చి ఆ కబుర్లన్నీ చెప్తుంటే మేస్త్రి చెవులప్పగించి విన్నాడు. ఇంకోటి కుట్టిపెడతా, మార్చి మార్చి వేసుకోవచ్చన్నాడు. అంతలో బస్సు సీట్ల పని మీద పడింది. రేపు, రేపు అనుకున్నాడు. ఆవిడా అడగలేదు.

ఒకటే బాడీ. చెమట పట్టేది గనక పని నించి రాగానే ఉతికేది. ఉతికి, గదిలో తాడు మీద ఆరేసి, పైన తువ్వాలు కప్పేది. ఆ ఇంట్లో మొదట్నించీ అంతే. ఆడవాళ్ల లోబట్టలు మగవాడి కంట పడకూడదని మేస్త్రి తల్లి నేర్పింది. కుట్టింది ఆ మగవాడే అయినా తువ్వాలు మాత్రం తప్పలేదు.

కొన్నాళ్లకి ఆవిడ ఎడమ పక్కకి మేస్త్రి చెయ్యి రానివ్వడం మానేసింది. అడిగితే ఏం లేదంది. ఒక పొద్దున స్నానానికి వెళ్తూ బాడీ మంచం మీద మరిచిపోయింది. మేస్త్రి చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా, బరువుగా ఉంది. తిప్పి చూశాడు. లోపలి గుడ్డ మీద గుండ్రంగా ఎర్రటి తుప్పు మరక. నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

సీటు తీసుకెళ్లే ప్రతివాడికీ ఆయన చెప్పే మాట ఒకటే. వానలో తడిస్తే ఎండలో పెట్టు, ఫోము తాగిన నీళ్లు తేలిగ్గా వదలదు. ఎవడికి పడితే వాడికి చెప్పాడు. పెళ్లానికి చెప్పలేదు.

స్నానం చేసి వచ్చాక చూపించమన్నాడు. ఆవిడ తువ్వాలు పక్కకి తీసింది. కరెంటు పెట్టిన చోట చర్మం చీకిపోయి, పుండు పడి, చీము పట్టింది.

"తడిగా ఉందని చెప్పొచ్చుగా," అన్నాడు.

"ఇన్నేళ్లు కొరికేది వేసుకున్నాను. తడిది ఒక లెక్కా?"

ఆసుపత్రిలో నర్సమ్మ కడిగి కట్టు కట్టింది. "అసలే కాలిన చర్మమమ్మా. పూర్తిగా మానేదాకా గుడ్డ పోగు కూడా బిగించి వెయ్యకూడదు. ఎన్నాళ్లంటే చెప్పలేను," అంది. మేస్త్రి మేనేజరుకి ఫోన్ చేశాడు. అవతలివాడు అంతా విన్నాడు. తర్వాత, "ఈసారి నా చేతిలో లేదన్నా. మీట ఉన్నాక నొక్కడానికి మనిషెందుకని పైనుంచి రాసేశారు," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. గోడవైపు తిరిగింది.

మేస్త్రి ఆ బాడీ ఉతికి, తీసుకుని డాబా ఎక్కాడు. నడినెత్తిన ఎండ. తన చొక్కాల పక్కనే తాడు మీద విప్పి పరిచి, రెండు క్లిప్పులు పెట్టాడు. వీధిలోంచి చూస్తే కనపడుతుంది. కనపడనీ అనుకున్నాడు. ఎదురు డాబా మీద బట్టలు తీస్తున్న ఆవిడ ఒకసారి చూసి తల తిప్పుకుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెళ్లాం ఒక చెయ్యి ఒంటికి ఆనించుకుని ఆయాసపడుతూ ఎక్కి వస్తోంది. రెండో చేతిలో తువ్వాలుంది. ఆయన దగ్గరికి రాలేదు, ఆయన వైపు చూడలేదు. తాడు దగ్గరికెళ్లి, ఆ బాడీ మీద తువ్వాలు కప్పి, అంచులు సరిచేసి, మళ్లీ మెట్లు దిగిపోయింది.

మేస్త్రి తువ్వాలు అంచు పట్టుకున్నాడు. లాగలేకపోయాడు. దాని కింద ఫోములోంచి నీళ్లు ఒక్కో బొట్టూ డాబా మీద పడుతున్నాయి.